నోటు వెనక ముద్ర

తొంభైలలో నేను ఢిల్లీలో, సాకేత్‌లోని ఒక బ్యాంకు బ్రాంచిలో క్యాష్ ఆఫీసర్‌ని. దొంగనోటు నా కన్ను దాటిపోదని బ్రాంచిలో పేరు. ఆ పేరు నా తలకెక్కింది కూడా.

మా వారికి సరోజినీ నగర్‌లో క్వార్టర్ ఇచ్చారు. పై అంతస్తులో ఒక తెలుగు అంకుల్ ఉండేవారు. పాతనోట్లు పోగుచెయ్యడం ఆయన పిచ్చి. ఒక ఆదివారం తుర్కీ సుల్తానుల కాలంనాటి నోట్లు రెండు నా ముందు పెట్టారు. అక్కడ మొదటి కాగితపు డబ్బు చేత్తో రాసిందేనట. దొంగరాతలు పెరిగాక అచ్చు వేయించారట. ఆ తర్వాత కూడా ఆర్థికమంత్రి ముద్రని ఒక్కో నోటు వెనక చేత్తోనే కొట్టేవారట. వచ్చే నెల పాతనోట్ల ప్రదర్శనలో వాటిని పెట్టాలని ఆయన ఆశ. అలాంటి చోట తన పేరు రాసిన గాజుపెట్టె ఒకటి ఉండబోవడం ఆయనకి అదే మొదటిసారి.

ఆయన చెబుతూనే ఉన్నారు, నేను వింటేగా. భూతద్దం పెట్టి చూశాను. ఒకదాని మీద ముద్ర అంచు దళసరిగా ఉంది. రెండోదాని మీద సన్నగా, ఓ పక్క తెగిపోయి ఉంది. మా బ్యాంకులో వెంట్రుకవాసి తేడా ఉన్నా నోటు పక్కన పడేస్తాం. అంచు తెగినది నకిలీ అని తేల్చేశాను. మా దగ్గరైతే అలాంటి వాటి మీద ఆ మాటే ముద్ర కొట్టేస్తామని కూడా అన్నాను. అంకుల్ "అచ్ఛా" అని నోట్లు లోపల పెట్టేసుకున్నారు.

పదిరోజులకు బ్రాంచి పనిమీద పాత ఢిల్లీలో ముద్రలు చెక్కే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. మాటల్లో నా ఘనకార్యం చెప్పాను. ఆయన ఒకే ఇత్తడి ముద్రని కాగితం మీద నాలుగుసార్లు కొట్టి చూపించాడు. నాలుగూ నాలుగు రకాలుగా పడ్డాయి. చేత్తో కొట్టినవి అచ్చం ఒకేలా ఉంటేనే అనుమానించాలన్నాడు. నా మొహం మాడిపోయింది.

నేరుగా అంకుల్ ఇంటికి వెళ్ళి, నేను చెప్పిన కారణం తప్పని ఒప్పుకున్నాను. ప్రదర్శన వాళ్ళకి రానని ఆయన అప్పటికే కబురు పంపేశారట. ఆ నోటు తెచ్చి తిరగేశారు. ముద్ర పక్కనే నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో 'నకిలీ' అని రాసి ఉంది. తన తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు మోసపోకూడదని తనే రాశారట. సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితే ఇది అసలుదేనంటావా అమ్మా?" అని అడిగారు.

"నాకు తెలియదు అంకుల్," అన్నాను.

ఆయన నోటుని మెల్లగా కవరులో పెట్టారు.

"ఆ ముక్కే ఆ రోజు చెప్పుంటే సరిపోయేది కదమ్మా," అన్నారు.