కూసే మీటరు

కుర్రతనంలో పని రావడం కంటే పని వచ్చినట్టు కనిపించడమే ముఖ్యం అనిపిస్తుంది. గోదావరిఖనిలో నేను కొత్తగా ఫొటో స్టూడియో తెరిచిన రోజుల్లో నా పరిస్థితి అదే. రీలు కెమెరాలు ఇంకా పోలేదు. వెలుతురు ఎంతుందో కొలిచే లైట్ మీటరు చేతిలో ఉంటేనే ఫొటోగ్రాఫర్ అని నా నమ్మకం. కొందామని హైదరాబాద్ పోతే దుకాణం పెద్దాయన రెండు ముందు పెట్టాడు. ఒకటి ముల్లుది, పాతదే గానీ బ్యాటరీ కూడా అక్కర్లేదు. రెండోది అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా, పైన తెల్లటి బుడిపె, మీట నొక్కితే కీచుమని కూస్తుంది. "బేటా, ముల్లుది తీస్కో. జిందగీ మొత్తం పనిచేస్తది. గా కూతతోని నీకేం పని?" అన్నాడాయన. కూస్తే జనం తిరిగి చూస్తారు కదా! (ముల్లును ఎవరు చూస్తారు?) కూసేదే కొన్నాను.

దానికి దొరికిన మొదటి పని, మా పక్క క్వార్టర్‌లో ఉండే సర్దార్ కాక రిటైర్మెంట్ ఫొటో. బొగ్గు బాయిలోకి అందరికంటే ముందు దిగి, గ్యాస్ ఉందో లేదో చూసి, తర్వాత మిగతావాళ్లను రమ్మనేవాడినే సర్దార్ అంటారు. కాక తమ్ముడు అదే బాయిలో గ్యాస్‌కు పోయాడని కాలనీ అంతా ఎరుగును, ఆయన ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు. "పిలగా, నా షిఫ్టోళ్లందరితోని ఒక్క ఫొటో కావాలె. మల్ల గిట్ల అందరం ఒక్కతాన ఉండం," అన్నాడు కాక.

ఆఫీసర్ల పర్మిషన్ తీసుకుని, పొద్దుటి షిఫ్టు దిగే ముందు బాయి మూతి దగ్గర అందరినీ మూడు వరసల్లో నిలబెట్టాను. రాత్రి షిఫ్టు వాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. ఎండ నేరుగా మొహాల మీద కొడుతోంది. నేను వెనక వరస దాకా పోయి, చెయ్యి చాపి మీట నొక్కాను. కీచుమంది. మళ్లీ నొక్కాను, మళ్లీ కీచుమంది. నుదురు ముడిచి, అందరికీ వినబడేలా (ఫొటోగ్రాఫర్ అట్లా అనాలని నాకు నేనే పెట్టుకున్న నియమం) "అబ్బో, ఇక్కడ చాలా ఎక్కువుంది!" అన్నాను.

గ్యాస్ పట్టే మీటర్లూ అట్లాగే కూస్తాయి. బాయి మూతి దగ్గర చేతిలో డబ్బా కూసి, ఎక్కువుంది అంటే ఒకటే అర్థమని నా బుర్రకు తట్టలేదు. "గ్యాస్! ఉరుకుండ్రి!" అని ఎవరో అరిచారు. మూడు వరసలూ చెల్లాచెదురయ్యాయి. స్వీట్లు తెచ్చిన క్లర్కు డబ్బా వదలకుండానే గేటు దాటాడు. నేనూ ఉరికాను, కూసింది నా చేతిలోదేనని మరిచిపోయి! గేటు దగ్గర ఆగి వెనక్కి చూస్తే ఒక్క మనిషి మాత్రం అటు పోతున్నాడు. సర్దార్ కాక. మెడలో పూలదండతో, బాయి లోపలికి, "బయటికి రండ్రి! జల్ది రండ్రి!" అని మొత్తుకుంటూ.

వెనక్కి పరుగెత్తి ఆయన భుజం పట్టుకున్నాను. "కాకా, ఇది గ్యాస్‌ది కాదు. ఫొటోలది, వెలుతురు చూసేది." ఆయన నమ్మలేదు. మీటరు లాక్కుని నొక్కి, ఆ కూత విని, మెల్లగా నేల మీద కూర్చున్నాడు. నన్ను కొట్టాల్సింది, కొట్టలేదు. "మా తమ్మునప్పుడు గిట్ల కూసేటిది లేకుండె బిడ్డా. దీపం మంట జూసి నేనే చెప్పిన, గ్యాస్ ఏం లేదు పోండ్రని," అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అందరూ తిరిగొచ్చాక ఫొటో తీశాను. నవ్వమంటే ఎవరూ నవ్వలేదు, నేనూ రెండోసారి అడగలేదు. వెలుతురు మాత్రం చక్కగా కుదిరింది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. కాక ఒక్కడే తల తిప్పి బాయి మూతి వైపు చూస్తున్నాడు.

మొన్నామధ్య ఆయన పోయాక కొడుకు స్టూడియోకు వచ్చాడు. ఒంటరిగా దిగిన మంచి ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదట. "అన్నా, గీ ఫొటోల బాపు ముఖం ముందట్కి తిప్పరాదే. కంప్యూటర్ల అయితదట గద?" అన్నాడు. అవుతుంది. "కాదు తమ్మీ," అని అబద్ధం ఆడి, అట్లాగే పెద్దది చేసి ఇచ్చాను. ఇప్పుడు వాళ్లింటికి పోయినప్పుడల్లా ఆ ఫొటో కింద కూర్చుని టీ తాగుతాను. గేటు వైపు ఉరికిన ఆ కుర్ర ఫొటోగ్రాఫర్ గుర్తొచ్చి నవ్వొస్తుంది. తలెత్తితే కాక ఇంకా అటే చూస్తుంటాడు.