మా అవ్వ మిరపకాయలు, నా సర్ఫ్ బోర్డు

కేసముద్రం పేరులోనే సముద్రం ఉంది కదా, నీకు సర్ఫింగ్ రాకపోవడమేంటి అని విశాఖపట్నంలో మా ఆఫీసువాళ్లు నవ్వేవాళ్లు. ఈ జోకు ప్రతి ఒక్కరూ తామే కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది. మా కేసముద్రంలో ఉన్నది మార్కెట్ యార్డు. అక్కడ అలలుండవు. పత్తి బస్తాలు, మక్కజొన్న కుప్పలు, వాటి మధ్య ఇరుక్కుపోయి హారన్ కొట్టే లారీలు ఉంటాయి. అక్కడి నుంచి ఆటోలో వెళ్తే మా ఊరు.

నేను సర్ఫింగ్‌కి వెళ్లింది బొర్ర తగ్గుతుందని. బొర్ర తగ్గలేదు, సర్ఫింగూ రాలేదు, పిచ్చి మాత్రం పట్టింది. ఆదివారం వస్తే చాలు, నాలాగే సముద్రం లేని ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరితో కలిసి తీరానికి పరుగెత్తేవాణ్ని. ఒకాయనది జనగామ. నాకంటే పెద్దవాడు, అందుకే అన్నా అంటాను. ఇంకొకామెది భూపాలపల్లి. వాళ్ల నాన్న బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. మాకు నేర్పే కోచ్ అక్కడి తీరంలోనే పుట్టి పెరిగినవాడు. మా మాట వింటే అతనికి నవ్వాగదు.

"ఏటి బాబూ, ఎప్పుడు చూసినా పడ్డం, పడ్డం అంటారు. లేచినం అని ఒక్కసారైనా అనరేటి?" అనేవాడు.

అనడానికి లేస్తే కదా! సర్ఫింగ్ చెప్పుకోవడానికి చాలా చిన్న పని. బోర్డు మీద బోర్లా పడుకోవాలి, చేతులతో నీళ్లు తోస్తూ పోవాలి, వెనక నుంచి అల నెట్టగానే ఎగిరి నిలబడాలి. పడుకోవడం వరకు నన్ను మించినవాడు ఆ తీరంలో లేడు. ఆ తర్వాతిదే నాతో కాలేదు. రెండేళ్లు ప్రతి అల మీదా బల్లికి మల్లే అతుక్కుని పడుకునే ఒడ్డుకు వచ్చాను. చూసేవాళ్లు ఎవరో మనిషి కొట్టుకొచ్చాడని కంగారుపడేవారు.

తప్పు నాది కాదు, బోర్డుది అని మేం ముగ్గురం తీర్మానించుకున్నాం. అద్దెకిచ్చే బోర్డులు తడిసిన పరుపుల్లా ఉంటాయి, మోసుకెళ్లేసరికే సగం ప్రాణం పోతుంది. అందుకని ఎవరి కొలతలతో వాళ్లకు తేలికపాటి ఎపాక్సీ బోర్డులు చేయించుకున్నాం. లోపల థర్మాకోల్ లాంటి దిమ్మె, దాని మీద ఫైబర్ గుడ్డ, ఆపైన ఎపాక్సీ పూత. ఒంటి చేత్తో ఎత్తి చంకలో పెట్టుకోవచ్చు. తయారుచేసే అతను ముందుగా మన ఎత్తూ బరువూ అడుగుతాడు. జనగామ అన్న తన బరువును పెళ్లిచూపుల్లో చెప్పినట్టు తగ్గించి చెప్పాడు. ఆ అబద్ధం కొలతకే బోర్డు అందంగా, సన్నగా తయారై వచ్చింది. అన్న ఎక్కగానే అది మర్యాదగా నీళ్ల కిందికి వెళ్లిపోయింది. నడుము దాకా మునిగి, కనిపించని దాని మీద కూర్చుని, "మంచిగుంది, మస్తు తేలికగుంది" అని అరిచేవాడు.

భూపాలపల్లి ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది కాబట్టి ఆమె బోర్డు చెప్పినట్టు వినేది. అయితే దాని తేలికకు ఒడ్డున గాలి తోడైతే అది ఎగిరిపోయేది. ఒకసారి పల్లీలమ్మే బండిని తగిలి, ఆ బండి ఆయనకూ ఈమెకూ పెద్ద రభస అయింది. కానీ నీళ్లలో ఆమె నిలబడేది. పైగా ఒక చేత్తో జుట్టు సర్దుకునేది. అది చూస్తే నాకు కడుపు రగిలిపోయేది.

నా బరువు నేను నిజమే చెప్పాను. ఫోన్లో అవతలతను ఇంకోసారి చెప్పమన్నాడు. నేను చేసిన పొరపాటు ఇంకొకటి. చిరునామా అడిగితే అలవాటుగా ఆధార్ కార్డు మీద ఉన్నది పంపాను. నాలుగు వారాల తర్వాత ఇంటి నుంచి బాపు ఫోన్ చేశాడు.

"నీ పేరు మీద ఏదో తలుపొచ్చిందిర. ట్రాక్టర్ల ఏసుకొచ్చిన. గొళ్లెం లేదు, బందుల్లేవు. గిదేం తలుపు?"

నాకు భయమేసింది. ఎందుకో చెప్పాలి. నేను పుట్టినప్పుడు పంచాంగం చూసినాయన నాకు నీళ్ల గండం ఉందని చెప్పాడట. ఎప్పటిదాకా అన్నది ఆయన చెప్పలేదు, ఈలోగా ఆయనే పోయాడు. దాంతో మా అవ్వకు నా గండానికి గడువు లేకుండా పోయింది. మేం అమ్మనే అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఊళ్లో నా ఈడువాళ్లంతా కాలువలో దూకుతుంటే నాకు బకెట్టూ చెంబూ. బతుకమ్మను నీళ్లలో వదలడానికి ఆడవాళ్లంతా దిగుతుంటే మా అవ్వ గట్టు మీదే నిలబడి, తన బతుకమ్మను పక్కావిడ చేతికిచ్చేది. విశాఖపట్నంలో సముద్రం ఉందని ఆమెకు తెలుసు. నేను ఆ దిక్కు చూడనని ఆమె నమ్మకం.

"అది ముట్టకుండ్రి, నేనొచ్చి చెప్త" అని ఫోన్ పెట్టేశాను.

ముట్టకుండా ఉంటారా! మాది మిర్చి పండించే ఇల్లు. మిరపకాయల కాలంలో మా వైపు ఏ ఇంట్లోనైనా చదునుగా, శుభ్రంగా ఉన్న ఏ వస్తువైనా కాయలు ఆరబోయడానికే పుట్టిందని లెక్క. మంచాలు, చాపలు, తలుపులు, మూలన పడేసిన పాత ఫ్లెక్సీలు, అన్నీ డాబా ఎక్కుతాయి. సెలవు పెట్టి, మిగతా ఇద్దరినీ వెంటేసుకుని నేను ఇంటికి వెళ్లేసరికి నా బోర్డు డాబా మీద రెండు ఇటుకల నడుమ పడుకుని ఉంది. దాని నిండా ఎర్రగా మిరపకాయలు.

"మంచి బల్ల పంపినవ్ కొడుకా" అని అవ్వ మురిసిపోయింది. "నున్నగుంది. దుమ్మంటదు. ఇంటి కారానికి తొడిమెలు తీసిన కాయలన్నీ దీని మీదనే పోసిన."

ఈ బోర్డులకు ఎండ పడదు, లోపలి దిమ్మె ఉబ్బి పైపూత ఊడిపోతుంది. కాయల నీడే దాన్ని కాపాడింది. కానీ జారకుండా ఉండాలని తయారుచేసినతను పైన పూసి పంపిన మైనం మాత్రం ఎండకు కరిగి, కారాన్నీ గింజలనూ హాయిగా మింగి, మళ్లీ గట్టిపడింది. తెల్లటి బోర్డు మామిడికాయ తొక్కు పచ్చడి రంగులోకి వచ్చింది. నేను గుడ్డ పెట్టి పైపైన తుడిచాను. అంతకంటే ఏం చేయగలను, గొంతు చించుకుని ఏడవడం తప్ప!

సంగతి బయటపెట్టింది భూపాలపల్లి ఆమె. అన్నం తింటూ అమాయకంగా, "అవ్వా, మీవోడు సముద్రంల దీని మీద ఎంత మంచిగ పండుకుంటడో" అంది.

అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. "దేంట్ల?" అని అడిగింది.

"సముద్రంల" అన్నాడు జనగామ అన్న, ఆమెకు వినపడలేదనుకుని ఇంకాస్త గట్టిగా.

అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది. గిన్నె మీద మూత పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం దాకా రాలేదు. బయటికొచ్చాక నా ముఖం చూడకుండా గోడకు చెప్పినట్టు చెప్పింది.

"పొద్దుగాల కాల్వ కాడికి పోదాం. నా కండ్ల ముంగట ఆ బల్ల మీద నిలవడాలె. నిలవడితే తీస్కపో, నేనేమనను. పడ్డవా, ఆ బల్ల నాది. నువ్వు మళ్ల నీళ్ల దిక్కు పోనని నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టెయ్యాలె."

నేను జీవితంలో ఒక్కసారి కూడా నిలబడలేదన్న సంగతి ఆమెకు తెలియదు. తెలిసిన ఇద్దరూ నేల చూపులు చూశారు. ఆమె నెత్తి మీద చేయి పెట్టి ఒట్టేస్తే నేను తప్పను, అది ఆమెకూ తెలుసు. అంటే సముద్రం ఇక లేనట్టే. నాకు నిజంగా దుఃఖమొచ్చింది. నిలబడకపోయినా సరే, ఆదివారం పొద్దున ఆ ఉప్పునీళ్లలో పడుకుని ఉండడం నాకెంత ఇష్టమో అప్పుడే తెలిసింది.

కాలువలో అలలెక్కడివి! బాపు ట్రాక్టరే అల అని నాతో వచ్చిన ఇద్దరూ తేల్చారు. కట్ట మీద బాట ఉంది. ట్రాక్టర్ వెనక తాడు కట్టి, తాడు చివర పారకుండే కర్ర, అదే పార కామ, కట్టి, అది పట్టుకుని నేను బోర్డు మీద పడుకుంటే బాపు లాక్కుపోవాలి. బాపు ముఖం వెలిగిపోయింది. ఆ ట్రాక్టర్‌తో ఇంతకుముందు లాగనిది నన్నొక్కణ్నే. తెల్లారేసరికి కట్ట మీద ఊరంతా ఉంది. ఎవరు చెప్పారో! గొర్లను తోలుకుపోయే ఆయన గొర్లతో సహా ఆగిపోయాడు.

"చల్ అన్న, ఎగిరి నిలవడుడే" అన్నాడు జనగామ అన్న, తనేదో రోజూ నిలబడుతున్నట్టు. నాకంటే పెద్దవాడు నన్ను అన్నా అన్నాడంటేనే నా పని అయిపోయిందని అర్థమైంది.

చొక్కా విప్పి, బొర్రను బోర్డుకు ఆనించి పడుకున్నాను. బాపు మొదలుపెట్టాడు, దుక్కి దున్నే వేగంతో. నీళ్లలో ఆకులు నన్ను దాటి ముందుకు పోతున్నాయి. కట్ట మీద ఎవరో, "పండవెట్టి తీస్కపోతుండ్రు, పానం బాలేదా?" అని అడిగారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని పక్కనే నడుస్తోంది. "జర జోరుగ బాపూ" అని అరిచాను. బాపు గేరు మార్చాడు. బోర్డు ముక్కు లేచింది, నీళ్లు రెండు పక్కలా చీలాయి.

అప్పుడు మొదలైంది మంట.

ముందు బొడ్డు దగ్గర చురుక్కుమంది. చీమ అనుకున్నాను. తర్వాత బొర్రంతా పాకింది. నీళ్లు తగిలిన కొద్దీ, రాసుకున్న కొద్దీ మైనంలో దాక్కున్న కారమంతా బయటికొచ్చి నన్ను పట్టుకుంది. అయ్యో! అమ్మో! ఆ మంటను ఏం చెప్పను! బోర్డు మీద ఇంకొక్క క్షణం పడుకుని ఉంటే చస్తాను. తాడు వదిలితే పడినట్టు. ఇక మిగిలింది ఒకటే దారి. రెండేళ్లుగా కోచ్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది నా బొర్ర తనంతట తానే చేసేసింది. ఒక్క ఎగురు ఎగిరి లేచి నిలబడ్డాను.

నిలబడ్డాను! మోకాళ్లు వంచి, పార కామ పట్టుకుని, కాలువ నడుమ! భూపాలపల్లి ఆమె ఈలలు వేస్తోంది. జనగామ అన్న కట్ట మీద ఎగురుతున్నాడు. బోర్డు ఎంత తేలిక! కాలి వేలు ఒత్తితే పక్కకు తిరుగుతోంది. ఇన్నాళ్లూ జనం దేని కోసం ఇంత ఇదవుతారో నాకప్పుడు అర్థమైంది, మంటతో కళ్లలో నీళ్లు కారుతున్నా నవ్వాగలేదు. అవ్వ ఎక్కడుందో చూద్దామని తల తిప్పాను. తిప్పకుండా ఉండాల్సింది. బాపు కూడా వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు, ముందర తూము దగ్గర బాట వంపు తిరిగింది, ట్రాక్టర్ గతుకులో పడింది, తాడు గుంజింది. నేను గాల్లోకి లేచి బొక్కబోర్లా నీళ్లలో పడ్డాను.

మునిగి, తేలి, బొర్ర పట్టుకుని గావుకేకలు పెట్టాను. అక్కడ నీళ్లు నా ఛాతీ దాకే ఉన్నాయి. కట్ట మీదివాళ్లకు అది తెలియదు. కేకలే తెలుసు. దభేల్మని ఏదో నీళ్లలో పడింది.

మా అవ్వ దూకింది.

దూకడమే కాదు, చీర కుచ్చెళ్లు దోపుకుని, తల పైకెత్తి, బార మీద బార వేసుకుంటూ ప్రవాహానికి అడ్డంగా ఈదుకుంటూ వస్తోంది. నేను కేకలు మరిచిపోయాను. మా అవ్వకు ఈతొచ్చు! మా అవ్వకు! వచ్చి నా జుట్టు పట్టి గుంజి, నా కాళ్లు నేల మీదే ఉన్నాయని తెలిశాక కూడా వదల్లేదు.

"ఏమైందిరా? ఏడ దాకింది? చెప్పుర!"

"ఏం దాకలే. మంట అవ్వా. నీ మిరపకాయలు."

ఆమె నా బొర్ర చూసింది. మూతి బిగించింది. నవ్వు ఆపుకుంటోందనుకున్నాను. కాదు, ఏడుస్తోంది.

"నీకు ఈత ఎట్లొచ్చు?" అని అడిగాను.

కట్ట మీద నుంచి బాపు చెప్పాడు. "పెండ్లి కాకముందు వాళ్లూరి బాయిల మొగపోరలను ఓడగొట్టేదిర మీ అవ్వ. నువ్వు పుట్టినంక బందు వెట్టింది. నీ గండం ఎల్లిపోతే చాలు, నేను జన్మల నీళ్లల్ల దిగనని దేవునికి మొక్కుకున్నది."

బకెట్టూ చెంబూ నాకొక్కడికే అనుకున్నాను ఇన్నేళ్లూ. నేను విశాఖపట్నంలో ప్రతి ఆదివారం నీళ్లలో పడి ఆడుకుంటుంటే, ఆమె నా కోసం ఒక్క కాలువలో కాలు కూడా పెట్టకుండా బతికింది. అవ్వను గట్టిగా పట్టుకున్నాను. సిగ్గు లేకుండా ఊరందరి ముందూ ఏడ్చాను.

"మొక్కు తప్పిన" అంది అవ్వ మెల్లగా. నన్ను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూసింది. భుజాలు తడిమింది. "నీకేం కాలే గద?"

"ఏం కాలే అవ్వా."

"నిజంగ ఏం కాలే?"

"ఏం కాలే."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది.

"అయితే జర పక్కకు జరుగు" అని, నన్ను తోసేసి, అవతలి గట్టు దాకా ఈదడానికి వెళ్లిపోయింది.