పేరు చెప్పకుండా చేసిన ప్రార్థన

1981 జూన్‌లో నా భర్తకు రైల్వేలో నాందేడ్‌కు బదిలీ అయింది. హైదరాబాదులో ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఏడేళ్లుగా సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్న నేను ఆ ఉద్యోగం వదిలి ఆయన వెంట వచ్చాను. ఆగస్టులో నాందేడ్‌లోని వజీరాబాద్ పేటలో ఒక పిల్లల డాక్టరు క్లినిక్ వెనక గది అద్దెకు తీసుకుని, మంగళ, గురువారాల్లో ప్రైవేటుగా కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. మందులు రాయడం సైకియాట్రిస్టు పని. కౌన్సెలర్ మందులు రాయదు. వింటుంది, అడుగుతుంది, వచ్చినవారితో కలిసి చిన్న చిన్న అభ్యాసాలు చేయిస్తుంది.

ఆ గదికి సందులోకి తెరుచుకునే వేరే తలుపు ఉండేది. నా దగ్గరికి వచ్చేవారు ఎవరి కంటా పడరని ఆ తలుపు చూసుకుని గర్వపడేదాన్ని.

సెప్టెంబరులో తెలంగాణ సరిహద్దు దగ్గరి బిలోలి నుంచి ఒక ఉపాధ్యాయుడు భార్యతో వచ్చాడు. అక్కడ బడిపంతులును గురూజీ అంటారు. నేనూ అలాగే రాస్తాను. మా ప్రాంతంలో మనిషి డాక్టరు దగ్గరికి ఒంటరిగా రాడు. అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా వెంట వచ్చినవారే చెబుతారు. అందుకని వెంట వచ్చినవారిని బయట కూర్చోమనడం నా మొదటి నియమం. భార్య ముందువైపు బెంచీ మీద, దగ్గుతున్న పిల్లల తల్లుల మధ్య కూర్చుంది.

గురూజీ గదంతా చూసి, సీసాలు గానీ సూదులు గానీ లేకపోయేసరికి అడిగాడు.

"గోలీలు ఇయ్యరా అమ్మా?"

ఇవ్వనన్నాను.

"మరి ఏమిస్తరు?"

వారానికి యాభై నిమిషాలు ఇస్తానన్నాను. ఆయన నవ్వలేదు.

కేస్ హిస్టరీ రాసుకున్నాను. నిద్ర, ఆకలి, ఇంట్లో ఎవరెవరు, బాధ ఎప్పుడు మొదలైంది, దేని తర్వాత మొదలైంది, ఇవన్నీ వరుసగా రాసే కాగితం అది. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన కొత్తలో తనిఖీ అధికారి ముందు బోర్డు మీద రాస్తుంటే ఆయన చెయ్యి ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. అప్పటి నుంచి సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణుకు, బడి గేటు దగ్గరే చెమటలు. లేని కామెర్లకు డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, దీపావళి సెలవుల దాకా బడికి రానని రజా తీసుకున్నాడు.

"హెడ్‌మాస్టర్‌కు తెలిస్తే పాగల్ గురూజీ అని పేరు పడ్తది. ఇగ పోరగాండ్లు నన్ను క్లాసుల నిలవడనియ్యరు. నౌకరి పోయినట్టే" అన్నాడు.

ఇక్కడ చెప్పింది నేను బయట ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ప్రతి మొదటి సమావేశంలో ఇచ్చే మాటే అది. నమ్మే ఇచ్చాను.

ఆయన నాలుగు గురువారాలు వచ్చాడు. మొదట ఒడిలో పలక, తర్వాత గోడకు ఆనించిన పలక, అలా ఒక్కో మెట్టు ఎక్కించాను. నాలుగో వారం నా గది తలుపుకు నల్లరంగు వేయిస్తే, దాని ముందు నిలబడి సుద్దముక్కతో తన పేరు రాశాడు. చెయ్యి వణికింది. అయినా చివరి అక్షరం దాకా రాశాడు.

ఆ సంతోషంతోనే శనివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్లాను. నేను బోధకుని కూతురిని. ఒకరి భారాన్ని సంఘం ముందు పైకి చెప్పి, అందరూ కలిసి మోయడమే ప్రేమ అని మా నాన్న నేర్పాడు. నా వంతు వచ్చినప్పుడు, బిలోలి నుంచి బస్సులో వస్తున్న ఒక ఉపాధ్యాయ సోదరుని కోసం, సుద్దముక్క పట్టుకోగానే వణికే ఆ చేతి కోసం ప్రార్థించాను. పేరు చెప్పలేదు. దేవునికి చెప్పడం బయట చెప్పడమవుతుందని నాకు తోచనే లేదు. అందరూ ఆమెన్ అన్నారు. ఎవరా సోదరుడు అని ఒక్కరూ అడగలేదు. గురూజీ కూడా క్రైస్తవుడే. బిలోలిలో మా విశ్వాసుల్లో బడిపంతులు ఆయనొక్కడే.

తర్వాతి గురువారం ఆయన రాలేదు. రానివారిని వెతుక్కుంటూ పోకూడదు, వారి సమయం పూర్తయ్యేదాకా గదిలోనే ఉండాలి అన్నది మా పద్ధతి. తలుపు వైపే చూస్తూ యాభై నిమిషాలూ కూర్చున్నాను. బస్సు తప్పి ఉంటుందనుకున్నాను. జ్వరమేమో అనుకున్నాను. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఉందా అని మొదటి రోజు అడిగినప్పుడు ఆయన కొంచెం ఆగి లేదన్నాడు. ఆ కొంచెం ఆగడమే వారమంతా నా మనసులో మెదిలింది.

రెండో గురువారం భార్య ఒక్కతే వచ్చింది.

"అక్కా, మీ సంఘం నుంచి అయిదుగురు అమ్మలు మా ఇంటికి అచ్చిన్రు. అరటిపండ్లు తెచ్చిన్రు. మోకాళ్ల మీద కూసొని, ఈ చెయ్యి బాగుచెయ్యి ప్రభువా అని గొంతెత్తి ప్రార్థన చేసిన్రు. పక్కింట్లనే శాళ చప్రాసీ ఉంటడు." శాళ అంటే మరాఠీలో బడి. "మంచోళ్లే అక్కా. ఒక్క చెడు మాట అనలే. గని ఆయన గోడ దిక్కు మొఖం పెట్టి పండిండు. లేస్తలేడు."

కామెర్లు ఎట్లున్నాయని హెడ్‌మాస్టర్ అప్పటికే కబురు పంపాడట.

నేనే బిలోలి వెళ్లి హెడ్‌మాస్టర్‌కు సర్ది చెప్పాలని లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. గడప దగ్గర ఆగాను. గురూజీ అనుమతి లేకుండా హెడ్‌మాస్టర్‌తో మాట్లాడితే రెండోసారి మాట తప్పినట్టే. తిరిగి కూర్చుని ఉత్తరం రాశాను. నేను చేసింది చేసినట్టు రాశాను. హైదరాబాదులో మరో కౌన్సెలర్ దగ్గరికి పంపగలనని, ఆయన కాగితాలు ఆయనే తీసుకుపోవచ్చని, గురువారం ఆ సమయం ఇంకా ఆయనదేనని రాసి, కవరు అంటించి భార్య చేతికిచ్చాను. ఆయనకు ప్రాణం మీద విరక్తి కలిగినట్టు కనిపిస్తే ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో ఆమెకు చెప్పాను. ఆ వారమంతా ప్రార్థనకు మోకరిస్తే మాట రాలేదు.

మూడో గురువారం ఆయన వచ్చాడు. కూర్చోలేదు. నేను తొందరపడి, పేరు చెప్పలేదన్నాను.

"పేరొక్కటే చెప్పలే" అన్నాడు. "నేను బిలోలి బస్సుల అస్తనని దేవునికి తెల్వదా అమ్మా? మరి అది ఎవలికి చెప్పినట్టు?"

సంఘానికే చెప్పినట్టని ఒప్పుకున్నాను.

అప్పుడు ఆయన అడగడం మొదలుపెట్టాడు. ఏం రాసుకుంటారు? ఎక్కడ పెడతారు? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఇంట్లో మీ ఆయన అడిగితే చెబుతారా? బజారులో ఎదురుపడితే ముందు ఎవరు పలకరించాలి? నాకు చావాలనిపిస్తోందంటే ఎవరికి చెబుతారు? చివరిదానికి, ప్రాణానికి ముప్పు ఉంటే భార్యకూ డాక్టరుకూ చెప్పక తప్పదని, అదీ ముందు ఆయనకు తెలిపాకే అని అన్నాను. కొన్నిటికి జవాబు అప్పటికప్పుడు ఆలోచించుకోవలసి వచ్చింది. రెండో తాళంచెవి క్లినిక్ కాంపౌండర్ దగ్గర ఉంది. ఆ వారమే తాళం మార్చాను. బజారులో ఆయన పలకరిస్తేనే నేను పలకాలని ఒప్పుకున్నాం. అన్నీ అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

హెడ్‌మాస్టర్ దగ్గరికి గురూజీ తానే వెళ్లి ఉన్నది చెప్పాడు. హెడ్‌మాస్టర్ దొంగ సర్టిఫికెట్ గురించి గట్టిగా చీవాట్లు పెట్టి, దీపావళి తర్వాత పై తరగతి తీసేసి ఒకటో తరగతి ఇచ్చాడు. గురూజీ అవమానంగానే తీసుకున్నాడు. అయినా వెళ్లాడు. మార్చి దాకా నా దగ్గరికి వచ్చాడు. వణుకు పూర్తిగా పోలేదు. అక్షరాలు పెద్దగా రాస్తే ఆ వణుకు పిల్లలకు తెలియదని ఆయనే కనిపెట్టాడు.

సంఘంలో బిలోలి గురూజీ ఎలా ఉన్నాడని అడిగితే, ఆ సంగతి మాట్లాడనని చెప్పేదాన్ని. కొందరు నాకు గర్వమనుకున్నారు. మళ్లీ వివరిస్తే మళ్లీ అదే తప్పు, ఊరుకున్నాను.

ఆ తర్వాత పాతికేళ్ల ప్రాక్టీసులో మొదటి సమావేశం నా ప్రశ్నలతో మొదలుపెట్టలేదు. గురూజీ అడిగినవన్నీ అడగవచ్చని కొత్తగా వచ్చినవారికి నేనే చెప్పేదాన్ని. కౌన్సెలర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేవారు ఇవి అడగాలి. అడిగినందుకు విసుక్కునే కౌన్సెలర్ దగ్గరికి రెండోసారి వెళ్లనవసరం లేదు. నా దగ్గరికి వచ్చినవారందరి కోసం ఇప్పటికీ ప్రార్థిస్తాను, గది తలుపు వేసుకుని, వివరాలేవీ చెప్పకుండా.

ఇది అచ్చుకు పంపే ముందు గురూజీకి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగాడు, ఊరు మార్చారా అని. మార్చాను. అది బిలోలి కాదు.