ముందద్దం కారిన కార్తీకం

మా వ్యాను ముందద్దం కుడివైపు మూలలోంచి నీళ్లు కారుతున్నాయని తెలిసినప్పుడు నేను చేసిన మొదటి పని ఆ అద్దాన్ని తిట్టడం. రెండో పని, బండి అమ్మినాయన్ని తిట్టడం. సినిమా షూటింగుల దగ్గర నటులు కూర్చోవడానికి వాడే కారవాన్ అది. పాతబడ్డాక కాకినాడలో ఒకాయన దగ్గర కొన్నాం. వెనక మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కోవడానికి చిన్న సింకు అన్నీ ఉన్నాయి. దాన్ని తెచ్చి రామచంద్రపురంలో మా కిరాణా కొట్టు ముందు నిలబెడితే, "ఎవరి షూటింగండీ?" అని వారం రోజులపాటు ఊరంతా అడిగింది.

షూటింగూ లేదు, గీటింగూ లేదు. అది మా అక్క కోసం కొన్న బండి. బస్సులో కూర్చుంటే ఆవిడకి కాళ్లు వాచిపోతాయి, రైలు మెట్లెక్కితే ఆయాసం. నాకు పెళ్లి కాలేదు, ఆవిడకి అయ్యీ నిలవలేదు. ఇరవై రెండేళ్లకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, కొట్లో కాఫీ మర దగ్గర కూర్చుంది. నలభై ఏళ్లు అక్కడే కూర్చుంది. గింజ ఎంత వేగాలో తెలుసు, చికోరీ ఎంత కలపాలో తెలుసు, కాఫీ చెట్టు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. అరకు కొండల్లో కార్తీక మార్గశిరాల్లో కాఫీ పళ్లు ఎర్రగా పండుతాయని ఎవరో చెప్పారు. అవి చూడాలని ఆవిడ కోరిక. జన్మలో నన్ను అడిగింది అదొక్కటే.

బండి కొన్నాక అన్నవరం వెళ్లాం, పిఠాపురం వెళ్లాం. అరకు మాత్రం కొట్టు వంకతో మూడేళ్లు వాయిదా పడుతూ వచ్చింది. ఈసారి దసరా వెళ్లాక డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "గుండె బాగా నీరసించిందండి. ఎక్కడికైనా తిప్పాలనుకుంటే ఈ చలికాలంలోనే తిప్పేయండి" అన్నారు. అక్కకి ఆ మాట చెప్పలేదు. కార్తీకంలో బయలుదేరుతున్నామని మాత్రం చెప్పాను. సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టింది, అద్దం కారడం మొదలైంది. నీళ్లు స్టీరింగు పక్కనుంచి జారి, నేల మీద పారి, వెనక పరుపు అంచుదాకా వచ్చాయి.

"గుడ్డలు కుక్కుకుని వెళ్లిపోదాంరా. వానలో తడవనివాళ్లమా మనం?" అంది అక్క.

"తడి పరుపు మీద పడుకోబెట్టి నిన్ను ఘాట్ రోడ్డు ఎక్కించమంటావా?" అని కసిరాను. ప్రేమ చూపించమంటే నాకు కసరడం ఒక్కటే వచ్చు.

సందులు మూసే సిలికాన్ జిగురు ట్యూబు తెచ్చి అద్దం చుట్టూ నేనే పూశాను. కారింది. దాని మీద మళ్లీ పూశాను. ఇంకోచోట కారింది. మూడోసారి పూశాక ఆ మూల అరిసె మీద నెయ్యి పేరుకున్నట్టు తయారైంది గాని నీళ్లు మాత్రం ఆగలేదు. చివరికి రాజమండ్రి నుంచి అద్దాల మేస్త్రీని పిలిపించాను. ఆయన అద్దం అంచున ఉండే రబ్బరు బీడింగుని వేలితో నొక్కి చూసి నవ్వాడు.

"పైపైన పూస్తే ఏం లాభం లేదండి. అద్దం దింపాలండి."

అద్దం దింపాక రబ్బరు గాడిలోంచి నల్లటి పీచు ఉండలు ఉండలుగా వచ్చింది. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇందులో పూలదండలు దోపుతారాండి?" అని అడిగాడు.

దోపుతాం. ప్రతి శుక్రవారం అక్క ముందద్దానికి అడ్డంగా చామంతి దండ వేసేది. కట్టడానికి కొక్కెం లేదు కాబట్టి దండ కొసల అరటినారని చెంచా కాడతో రబ్బరు కిందకి దోపేది. మరుసటి వారం వాడిన దండ లాగితే నార తెగి, కొస లోపలే ఉండిపోయేది. మూడేళ్ల శుక్రవారాలు అక్కడ పేరుకుని, తడి పట్టుకుని, రబ్బరుని ఎత్తిపెట్టి, కింద రేకుని తినేశాయి.

నాకు ముక్కు మీద ఉండే కోపం నెత్తికెక్కింది. ఆ పీచు ఉండ పట్టుకెళ్లి, అరుగు మీద కుర్చీలో కూర్చున్న అక్క ఒడిలో పడేశాను. "చూడు నీ భక్తి! ప్రయాణం చెడగొట్టింది నువ్వే!" అని అరిచాను. మేస్త్రీ విన్నాడు, కొట్టుకి వచ్చినవాళ్లు విన్నారు.

అక్క ఆ పీచుని చేతిలోకి తీసుకుంది. "బండి నడిపేది నువ్వు కదరా. పువ్వు పెట్టకుండా ఎలా పంపను?" అంది.

నేను మేస్త్రీ దగ్గరికి తిరిగి వెళ్లిపోయాను. క్షమించమని అడగలేదు. ఆ తర్వాత శుక్రవారం వచ్చింది, వెళ్లింది. ఆవిడ పూలు కొనలేదు.

తుప్పు పట్టినమేరకి రేకు కోసి, అతుకు వేసి, రంగు కొట్టేసరికి ఆరు రోజులు పట్టింది. కొత్త రబ్బరు గాడిలో తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, మేస్త్రీ లోపలినుంచి ఆ తాడు లాగుతుంటే రబ్బరు అంచు ఒక్కో అంగుళమే రేకు మీదికి ఎక్కి కూర్చుంది. పంపు పెట్టి గంటసేపు నీళ్లు కొట్టాం. చెమ్మ కూడా లేదు. "ఇంక బయల్దేరిపోండి బాబుగారూ" అన్నాడు. అక్క అప్పటికే రెండు చీరలు, మందులు, కొబ్బరి లడ్డూల డబ్బా సర్దుకుని ఉంది.

అప్పుడు నేను, తెలివైనవాణ్ణి కదా, "పంపు నీళ్లు వేరు, వాన వేరు. ఒక్క గట్టి వాన చూసి వెళ్దాం" అన్నాను.

ఎనిమిది రోజులు చుక్క పడలేదు. ఆకాశం కడిగినట్టు ఉంది. ఆ ఎనిమిది రోజులూ అక్క హాయిగా ఉంది. తనంతట తానే నడిచి వెళ్లి వ్యాన్లో మంచం మీద కూర్చునేది, కిటికీ తెరిచి వీధి చూసుకునేది. పొద్దున్నే "మబ్బేమైనా పట్టిందారా?" అని అడిగేది. ఒకరోజు, "పళ్లు కోసేస్తారేమోరా" అంది. "కొండలు ఎక్కడికీ పారిపోవు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదోరోజు పొద్దున ఈదురుగాలితో వాన పడింది. నేను బండిలో కూర్చుని పొడిగుడ్డతో ఆ మూలంతా తుడిచి చూశాను. గుడ్డ పొడిగానే ఉంది. చిన్నపిల్లాడిలా కేక వేస్తూ ఇంట్లోకి పరిగెత్తాను. అక్క మంచం పట్టె పట్టుకుని, ఊపిరి అందక, నోరు తెరిచి నన్ను చూస్తోంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆగే ధైర్యం లేకపోయింది. పక్కింటాయనా నేనూ మోసుకొచ్చి వ్యానులో పడుకోబెట్టాం. ఆయన అక్క తల ఎత్తి పట్టుకుని కూర్చున్నారు, నేను రాజమండ్రి వైపు నడిపాను. ద్వారపూడి దాటేదాకా ధారగా వాన. లోపల ఒక్క చుక్క పడలేదు. అక్క ఆ పెద్ద అద్దంలోంచి ముందుకే చూస్తోందని పక్కింటాయన చెప్పారు.

ఆస్పత్రి గేటు దగ్గర వేగం తగ్గించాను. "ఆపకురా" అంది అక్క వెనకనుంచి. గొంతు సరిగ్గా రావడం లేదు. "ఇంకాస్త దూరం పోనీ."

"వచ్చేశాం అక్కా" అని చెప్పి బండి ఆపేశాను.