రివర్సు లేని కూపే

మా అక్క డాక్టరు. మాదన్నపేటలో మా ఇంటి ముందుగదిలోనే ప్రాక్టీసు పెట్టుకుంది. కాన్పులకు రిక్షాలో వెళ్ళేది. ఆఫీసు నుంచి వచ్చాక నేనూ ఆమె వెంట వెళ్ళేవాణ్ణి, ఒళ్ళో తోలుసంచి పెట్టుకుని. వానొచ్చిందంటే రిక్షావాడు పరదా దింపేవాడు. అది చిల్లులు పడ్డ పరదా కాబట్టి సంచి మాత్రమే పొడిగా చేరేది.

ఆ రోజుల్లో జహనుమాలో ఒక దేవిడీ, అంటే నవాబుల నాటి పెద్ద బంగళా, ఉండేది. అక్కడి పెద్ద బేగం కోడలికి కాన్పు చాలా కష్టమైంది. అక్క ఇంటికి రాకుండా అక్కడే కూర్చుని తల్లినీ బిడ్డనూ దక్కించింది. జాగీర్లు పోయాక ఆ ఇంట్లోని వస్తువులు ఒక్కటొక్కటే బయటికి వెళ్ళిపోతున్నాయి. బిడ్డ నలభయ్యో రోజు స్నానం నాడు బేగం అక్కను పిలిచి ఉర్దూలో చెప్పింది: వెనక షెడ్డులో సాబ్ గారి బండి ఉంది, ఆయన పోయినప్పటి నుంచీ ఎవరూ తీయలేదు, నువ్వు తీసుకుపో బేటీ, ప్రస్తుతానికి అందులో కోళ్ళు ఉంటున్నాయి.

నిజంగానే కోళ్ళు ఉన్నాయి. డ్రైవరు సీటులో ఒకటి గుడ్లు పొదుగుతూ కూర్చుని మమ్మల్ని కోపంగా చూసింది. బండి మాత్రం నా కళ్ళకు అప్సరసలా కనబడింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన కూపే. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, వెనక మూత ఎత్తితే ఒక చిన్న డిక్కీ సీటు. దీపాల గుంటలు ఖాళీగా ఉన్నాయి. ఒకప్పుడు మెరూన్ రంగు అయి ఉండాలి.

అది కదలదు కాబట్టి రెండు ఎడ్లను కట్టి లాల్‌దర్వాజా మీదుగా లాక్కొచ్చాం. ఎవరో ఒకరు స్టీరింగు పట్టుకోవాలి కదా, అక్క కూర్చుంది. దారి పొడుగునా జనం పనులు ఆపి చూశారు. అక్క మాత్రం చీర కొంగు సవరించుకుని, ఎడ్ల తోకల మీది నుంచి తిన్నగా ముందుకు చూస్తూ నడిపింది.

బాపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"గిదేంది బిడ్డా?"

"కారు బాపూ."

"కారైతే ఎడ్లెందుకు?"

బాపు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇంట్ల నలుగురం ఉన్నం. దీంట్ల ఇద్దరే కూసుంటరు. కడమ ఇద్దరం ఎనక ఉరుకాల్నా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

షాలిబండలో ఒక మెకానిక్ ఉండేవాడు. దేవిడీల మోటార్లు చూసి చూసి వాటి మీదే ముసలివాడైనవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆయన మా వాకిట్లో, అమ్మ ఎండబెట్టిన మిరపకాయల పక్కనే చాప పరచి, ఇంజను మొత్తం విప్పి పెట్టాడు. విప్పిన వాటిలో సగం పనికిరావన్నాడు. ఆ బండి విడిభాగాలు హైదరాబాదులోనే కాదు, బొంబాయిలోనూ దొరకవన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి డాక్టరమ్మా. దొరికింది పెడదాం. బండికి ఏం తెలుస్తది?"

అలా మొదలైంది. కార్బురేటరు మిలిటరీ జీపుది. నేను జుమ్మేరాత్ బజారులో తుక్కు గుట్టల మధ్య పొద్దంతా వెతికి తెచ్చాను. దీపాల్లో కుడివైపుది లారీది, ఎడమది మోటారు సైకిలుది. దాంతో బండి ఎప్పుడూ ఒక కన్ను చిట్లించి చూస్తున్నట్టు ఉండేది. స్టీరింగు చక్రం బస్సుది. అది ఎంత పెద్దదంటే అక్క చేతులు బార్లా చాపి, కవ్వం లేకుండా మజ్జిగ చిలుకుతున్నట్టు తిప్పాల్సి వచ్చేది. షామియానాలు కుట్టే దర్జీ చినిగిన టాపు లోపలివైపు తన దగ్గరున్న గుడ్డే వేశాడు. లోపల కూర్చుని తలెత్తితే ఎర్ర పువ్వులు, పచ్చ తీగలు, పెళ్ళి పందిట్లో ఉన్నట్టు. తలుపు పిడి మా వంటింటి బీరువాది.

"మరి నా బీరువా ఎట్ల తెరవాలె?" అంది అమ్మ.

ఉస్తాద్ కారు పాత పిడిని సాపు చేసి బీరువాకు బిగించాడు. మా పప్పులూ ఉప్పులూ చాలా ఏళ్ళు విలాయతీ పిడి వెనకే ఉన్నాయి.

ఇంజను గర్జించిన రోజు అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

"ఒక్క మాట డాక్టరమ్మా. రివర్స్ లేదు. ఆ గేర్ పండ్లు పూరా పోయినయ్. ముందుకు మస్తు పోతది. ఎనకకు మాత్రం అడగొద్దు."

"సరే. ముందుకే పోదాం" అంది అక్క.

ఫలక్‌నుమా దగ్గరి ఖాళీ మైదానంలో ఉస్తాదే ఆమెకు డ్రైవింగు నేర్పాడు. నాకు నేర్చుకోవాలని ఉండేది కానీ ఎప్పుడూ డిక్కీ సీటే దక్కింది. ఆ తర్వాత ఆదివారాలు నేనూ అక్కా గల్లీలు నడిచి చూసేవాళ్ళం, ఏది రెండువైపులా తెరుచుకుంటుంది, ఏది గోడ దగ్గర ఆగిపోతుంది అని. బండిని ఎప్పుడూ ముక్కు బయటికి ఉండేలా నిలపాలి. తప్పదంటే నేను దిగి వెనక్కు నెట్టాలి. పాతబస్తీ నెలలోనే అలవాటు పడింది. మా హారన్ వినగానే కొన్ని ఇళ్ళ పరదాలు కాస్త పక్కకు జరిగేవి, డ్రైవరు సీటులో చీర కట్టుకున్న మనిషిని చూడటానికి.

ఒక ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం పాల వ్యాపారం చేసే ఒకాయన పరుగున వచ్చాడు. యాకుత్‌పురా వెనక వాళ్ళ ఇల్లు, భార్యకు నొప్పులు. ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుని బయలుదేరాం. వాళ్ళ గల్లీకి సగం దూరంలో ఎదురుగా ఒక నల్లటి పెద్ద కారు వచ్చింది. వెనక సీటులో ఎవరో పెద్ద ఆఫీసరు. రెండు ముక్కులూ ఆనుకునేంత దగ్గరగా ఆగాయి.

"ఎనకకు తియ్యమ్మా" అన్నాడు ఆ డ్రైవరు.

"మా బండికి రివర్స్ లేదు. నువ్వే తియ్యి."

"రివర్స్ లేని కారు ఉంటదా?"

ఆ డ్రైవరు తీద్దామన్నా అప్పటికి వాళ్ళ వెనక రిక్షాలు, కూరగాయల బండి వరసగా ఆగిపోయాయి. లొల్లి మొదలైంది. అక్క సంచి తీసుకుని, "తమ్మీ, బండి సంగతి నువ్వు చూసుకో" అని, గోడకూ కారుకూ మధ్య పక్కగా జరిగి, పాలాయన వెంట దాదాపు పరుగెత్తుతూ వెళ్ళిపోయింది.

నాకు డ్రైవింగు రాదు. నెడదామంటే మా వెనక కూడా రిక్షాలే. ఎటూ తోచక నిలబడ్డాను. ఒక ఇంటి అరుగు మీది మనిషి అడిగాడు: "డాక్టరమ్మ బండేనా?" అవునన్నాను. ఆయన లోపలికి ఒక కేక వేశాడు. నలుగురు వచ్చారు, ఇంకో నలుగురు కలిశారు. పక్కనే ఒక పాత ఇంటి దర్వాజా, లోపల చిన్న వాకిలి. బండిని ఎత్తి అందులో పెట్టేద్దామన్నారు. ఆఫీసరు కూడా దిగాడు. కోటు తీసి డ్రైవరుకిచ్చి, చొక్కా చేతులు మడిచి, ముందువైపు పట్టాడు. ఎత్తుతుంటే లారీ దీపం ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎక్కడ పెట్టమంటవ్?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

"నాకియ్యండి సార్" అన్నాను.

దారి తెరుచుకుంది. అందరూ వెళ్ళిపోయారు. నేను దీపం ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో తెలియని వాకిట్లో కూర్చున్నాను. పరదా కింది నుంచి చాయ్ వచ్చింది. ఖాళీ కప్పు పెడితే మళ్ళీ నిండి వచ్చింది.

అక్క సాయంత్రానికి వచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నరు" అంది. తర్వాత వాకిట్లో బండిని చూసి, "ఇది ఈడికెట్ల వచ్చింది?" అంది. చెప్పాను. అరుగు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచింది.

"పేగు మెడకు చుట్టుకుంది తమ్మీ. నేను పోయేసరికి బిడ్డ నీలంగ అయింది. ఇంక జర ఆలస్యమైతే..." అని ఆగింది. "ముందుకే పోదాం అనుడు బాగానే ఉంటది. ఉస్తాద్‌కు చెప్పాలె."

మిగిలిన చాయ్ ఆమెకిచ్చాను. తాగింది.

ఉస్తాద్ ఎక్కడ పట్టాడో కానీ, వేరే జాతి బండి గేరుపెట్టె ఒకటి తెచ్చి బిగించాడు. అందులో రివర్సు ఉంది. కాకపోతే మన మొదటి గేరు ఉండాల్సిన చోట ఉంది. అలవాటయ్యే లోపల అక్క ముందుకు వెళ్ళబోయి రెండుసార్లు మా ప్రహరీ గోడను గుద్దింది. బాపు బయటికి వచ్చి గోడను చూసి, "ఇప్పుడు ఎనకకు కూడ మస్తు పోతది" అన్నాడు.

ఆ వారమే ఆయన తొలిసారి ఎక్కాడు, పెన్షను ఆఫీసుకు. ముందు సీటు వద్దని డిక్కీ సీటే అడిగాడు. ఎండ అని గొడుగు విప్పాడు. చార్మినార్ దాటేసరికి గాలికి గొడుగు తిరగబడింది. బాపు దాన్ని అలాగే పట్టుకుని దర్జాగా కూర్చుని, తెలిసినవాళ్ళు కనబడితే రెండో చెయ్యెత్తి నమస్కారం చేశాడు.

కొన్నేళ్ళ తర్వాత అక్క నాలుగు తలుపుల బండి కొనుక్కుంది. ఉస్తాద్ తన కొడుకు పెళ్ళి బరాత్‌కు కూపేను ఒక పూట ఇవ్వమని అడిగి తీసుకెళ్ళాడు. తిరిగి తేలేదు. మేమూ అడగలేదు.