రెండు పేజీల చప్పుడు

పిల్లలూ, ఇది మీరు పుట్టకముందు, 2011లో నేను బర్మింగ్‌హామ్‌లో మీ అమ్మ దగ్గర ఉన్నప్పటి సంగతి. పక్క వీధిలో సుశీల గారని, బందరులో టీచరుగా చేసి వచ్చినావిడ ఉండేవారు. షుగర్ వల్ల చూపు పూర్తిగా పోయింది. లైబ్రరీ వాళ్ళు వినే పుస్తకాలు ఇచ్చేవారు గానీ, అన్నీ ఇంగ్లీషువే. తెలుగు నవల చదివి నాలుగేళ్ళయిందని ఆవిడ అంటే, ప్రతి బుధవారం మా హాల్లో నేను చదివి వినిపించేదాన్ని.

ఒక బుధవారం మీ నాన్న హాల్లోనే కూర్చుని లాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే నవలలో ప్రేమించుకున్న అబ్బాయీ అమ్మాయీ వానలో ఒకే గొడుగు కిందికి చేరారు. అల్లుడి ముందు అది పైకెలా చదవను? మెల్లిగా రెండు పేజీలు కలిపి తిప్పేసి, కథలో వాళ్ళు మర్నాడు కాఫీ తాగే చోటునుంచి అందుకున్నాను.

సుశీల గారు చెయ్యెత్తి ఆపారు. "వదినగారూ, రెండు పేజీలు ఒక్కసారే తిప్పారు."

"అబ్బే, అంటుకుపోయాయండీ..."

"ఒక పేజీ చప్పుడు వేరు, రెండింటి చప్పుడు వేరు. ఏది వదిలేయాలో నేను కదా చెప్పాలి? కళ్ళు పోయాయి గానీ సరదా పోలేదండీ నాకు!"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మీ నాన్న నవ్వాపుకుంటూ, "అత్తయ్యగారూ, నేను టీ పెట్టుకొస్తా" అని లాప్‌టాప్‌తో సహా వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను వెనక్కి తిప్పి, ఒక్క మాట వదలకుండా చదివాను.

ఆవిడ వెళ్ళాక కళ్ళు మూసుకుని ఒక పేజీ తిప్పాను, తర్వాత రెండు కలిపి తిప్పాను. నిజంగానే చప్పుడు వేరు. అరవై ఏళ్ళు పుస్తకాలు చదివి కూడా నేనది ఎప్పుడూ వినలేదు. మీరూ ఒకసారి తిప్పి చూడండి.