ఏడాది నీళ్లలో ఉన్న దిమ్మ

నా బిడ్డ రమ్య దోహాలో కాంక్రీటు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేది. కూల్చిన పాత ఇళ్ల శిథిలాలను నుజ్జు చేసి, ఓడల్లో తెప్పించే కంకరకు బదులు వాడొచ్చా అని చూసే పరిశోధన అది. ఫోన్లో చెబితే నవ్వాను. "పాత గోడ మట్టి తడిపి కొత్త గోడ పెడ్తనే ఉంటిమి. గింత దానికి దుబాయ్ పోవాల్నా బిడ్డా?" అన్నాను. మా ఊళ్లో ఆ దేశాలన్నీ దుబాయే. తరువాత అక్కడే మూడు రోజుల జ్వరంలో రమ్య చనిపోయింది. కొన్ని నెలలకు దాని పై ఇంజనీరు ప్రసాద్ గారు ఫోన్ చేశారు. రమ్య పోసిన చివరి కాంక్రీటు దిమ్మ ఇంకా నీళ్లలోనే ఉందని, ఎంత బరువు మోస్తుందో తెలియడానికి ఏడాది నిండిన రోజు మిషన్లో పెట్టి పగలగొట్టాలని, చూడాలనుంటే రమ్మని చెప్పారు. పగలనివ్వకుండా తెచ్చుకోవాలని నేను బయలుదేరాను.

దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో తెలిసినవాళ్ల ఇంట్లో దిగాను. అక్కడే ఓ ఇంట్లో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు గంగారాం ఆ రోజు సెలవు పెట్టాడు. ఉదయం ఏడింటికి మెట్రో ఎక్కాం. ఒక్కసారికి రెండు రియాళ్లు, రోజంతా తిరగడానికి ఆరు. ఎర్ర లైనులో ఎక్కితే మారే పని లేకుండా లుసైల్ దాకా పోవచ్చు. చాలా దూరం నేల కిందే. చివర్లో వెలుగులోకి వచ్చేసరికి అద్దాల మేడలు నీళ్లలో నిలబడ్డట్టు కనిపించాయి. అక్కడి నుంచి టాక్సీ. స్టేడియం చూడటానికి వచ్చారా అని డ్రైవరు హిందీలో అడిగాడు. తమ్ముడు సంగతి చెప్పాక టాక్సీలో మోగుతున్న పాట ఆపేశాడు.

ప్రసాద్ గారిది అమలాపురం. ల్యాబ్‌లో ముందు టీ ఇప్పించి, తరువాత నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లారు. అడుగున బెల్లం దిమ్మంత రాయి, మీద నల్ల రంగుతో తేదీ. రమ్య రాసే ఏడు అంకె ఎప్పుడూ వంగే ఉంటుంది.

"దీన్ని నేను తీస్కపోత సారూ," అన్నాను.

ఆయన ఒక కాగితం చూపించారు. ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు పగలగొట్టిన దిమ్మల గడులన్నీ నిండాయి. ఏడాది గడి ఒక్కటే ఖాళీ. "ఇస్తానమ్మా. కానీ ఇన్నాళ్లు నానినా పాత రాయి నిలబడుతుందా అన్నదానికి ఇదొక్కటే జవాబు. ఇంకోటి పోయలేదు."

గంగారాం మెల్లగా అన్నాడు: "నీ ఇష్టం అక్కా. గని, దేవుని అర్రల పెట్టుకునేటందుకు పోసిందా అది?"

ముప్పై ఏళ్లు తట్ట మోసినదాన్ని. స్లాబుకు ఒక్క పూట నీళ్లు తప్పినా పగులు పడుతుందని నాకు తెలుసు. దిమ్మను తీసి వేళ్లతో తట్టాను. ఖణేల్మంది.

"నీళ్లు బాగ తాగింది సారూ. పెట్టుండ్రి."

దిమ్మను మిషన్లో పెట్టి జాలీ తలుపు వేశారు. అంకెలు ఎక్కుతుంటే నా ఊపిరి కూడా వాటి వెంటే పోయింది. కలలోలాగా చాలాసేపు ఏమీ కాలేదు. చివరికి చిన్న చప్పుడు. పక్కలు రాలి, నడుము డమరుకంలా మిగిలింది. అలా విరిగితే సరిగ్గా విరిగినట్టేనట. ప్రసాద్ గారు అంకె రెండుసార్లు చూశారు.

"కొత్త కంకర దిమ్మ కంటే కాస్త ఎక్కువే మోసిందమ్మా."

ఖాళీ గడి నింపారు. పోసినవారి పేరు దగ్గర రమ్య చేతిరాత ముందే ఉంది.

తిరుగు మెట్రోలో, ప్రసాద్ గారు ఇచ్చిన ఆ డమరుకాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. చీరకు దాని తడి అంటింది. అందులో ఎవరిదో ఇల్లు ఉంది. ఏ గదిలో ఎవరు వండుకున్నారో, ఎవరు ఎవరిని జోకొట్టారో. ఆ ఇల్లు పోయిందనే వాళ్లు అనుకుని ఉంటారు. నిద్రపోయానో లేదో తెలియదు, స్టేషన్ వచ్చిందని తమ్ముడు భుజం తట్టాడు.

మీరు కూడా ఇలాంటి రాయి తెచ్చుకుంటే విమానంలో చేతి సంచిలో పెట్టకండి, ఆపుతారు. తువ్వాలలో చుట్టి పెద్ద బ్యాగులో వేయండి. ముందు రెండు రోజులు ఆరనివ్వండి. నేను ఆరనివ్వలేదు. ఇంటికొచ్చి బ్యాగు తెరిస్తే చీరలన్నీ తడి సిమెంటు వాసన. చిన్నప్పుడు నా వెంట పనికి వచ్చి ఇసుక కుప్ప మీదే నిద్రపోయిన రమ్య జుట్టుకు ఇదే వాసన ఉండేది.